అమ్మ పాటకి నాలుగు తాళాలు

మాఘమాసంలో మా అక్క పెద్దకూతురి పెళ్ళి. ముహూర్తం కుదిరిన రోజే అక్క ఫోను చేసి, "అప్పగింతలప్పుడు అమ్మ పాడే పాటే పాడించాలే" అంది. పాడించాలంటే ముందు పాటంటూ వుండాలి కదా! అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. నాకు పల్లవి తప్ప రాదు. అక్కకి ఆ పల్లవి కూడా సగమే వచ్చు. "నీకేం, అన్నీ కంప్యూటరులో ఎక్కించి పెట్టావుగా" అంది ధీమాగా.

నిజమే, ఎక్కించాను. 1997 వేసవి సెలవుల్లో అమ్మ చేత ఒక్కొక్క పాటే చెప్పించుకుని కాగితాల మీద రాశాను. తలంబ్రాల పాటలు, బంతులాట పాటలు, అలకపాన్పు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, అన్నీ కలిపి అరవై రెండు. తెనాలిలో ఒక డీటీపీ షాపులో కొట్టిస్తే, ఒక ప్రింటూ, ఒక ఫ్లాపీ చేతిలో పెట్టారు. ఆ ప్రింటు చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్ళి వెళ్ళి, ఇరుగింటికిచ్చిన స్టీలు గిన్నెలాగా ఎక్కడో ఆగిపోయింది. ఇక నేను రాసిన కాగితాలంటారా, "కంప్యూటరులోకి ఎక్కాయిగా, ఇంకెందుకీ చెత్త" అని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా వుంది. అయినా చెప్పకపోతే ఈ కథ లేదు.

ఫ్లాపీ మాత్రం భద్రంగా వుంది. బీరువాలో, పట్టుచీరల మధ్య, కలరా వుండల వాసనతో. పాతికేళ్ళు దాటినా చెక్కు చెదరలేదు. "చూశారా, ఎంత జాగ్రత్తగా దాచానో" అన్నాను మావారితో. "దాచావు సరే, దాన్ని ఎందులో పెడతావు?" అన్నారాయన. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో వున్న ఏ కంప్యూటరుకీ ఫ్లాపీ పెట్టే నోరే లేదని!

అక్క రెండో కూతురు కంప్యూటరు వుద్యోగంలో వుంది. సెలవుపెట్టి వచ్చిన పిల్లని పట్టుకుని కూర్చోబెట్టాను. రెండు రోజులు పట్టింది మాకు. ఆ రెండు రోజుల్లోనూ నాకు అర్థమైందేమిటంటే, తెరుచుకోని ఫైలుకి ఒక్క తాళం కాదు, ఒకదాని లోపల ఒకటి చాలా తాళాలుంటాయని. ఒక్కొక్క తాళం వెనకా ఒక్కొక్క చరిత్ర వుంది.

మొదటి తాళం యంత్రం. ఫ్లాపీని మొదట 1971లో ఐబీఎం కంపెనీ బయటికి తెచ్చింది. అప్పుడది ఎనిమిది అంగుళాల వెడల్పున, పెద్ద అప్పడమంత వుండేది. తరవాత అయిదుంబావు అంగుళాలకి, ఆ తరవాత మూడున్నర అంగుళాలకి చిక్కిపోయింది. నా దగ్గరున్నది ఆ చివరిదే. అందులో పట్టేది ఒకటిన్నర మెగాబైట్ల లోపే. ఇవాళ సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా చాలామటుకు అందులో ఇమడదు. అయినా నా అరవై రెండు పాటలూ అందులోనే సుఖంగా సర్దుకున్నాయి. 1998లో ఆపిల్ కంపెనీ ఫ్లాపీ నోరు లేకుండానే ఐమాక్ అనే కంప్యూటరు తెచ్చింది. మిగిలినవాళ్ళూ మెల్లగా అదే దారి పట్టారు. 2011లో సోనీ కంపెనీ జపానులో వాటి అమ్మకమే మానేసింది. నా ఫ్లాపీ బీరువాలో నిద్రపోతున్న కాలంలో బయట ఇంత జరిగిందన్నమాట.

మా పిల్ల కంప్యూటరుకి బయటనుంచి తగిలించుకునే ఫ్లాపీ పెట్టె ఒకటి తెప్పించింది. పెట్టబోయేముందు ఫ్లాపీ మూలనున్న చిన్న మీటని పక్కకి జరిపి కన్నం కనపడేలా చేసింది. "ఇలా వుంటే దీనిమీద పొరపాటున కూడా ఏమీ రాయడం కుదరదు పిన్నీ. ముందు నకలు తీసుకుందాం. మన ప్రయోగాలన్నీ నకలు మీదే" అంది. అసలుని ముట్టుకోకపోవడమన్నది ఈ విద్యలో మొదటి పాఠంట. ఫ్లాపీ కరకరమని ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. మూడోసారికి చదివింది.

నేను ఇంకా నయం. ఈ మొదటి తాళం దగ్గరే అమెరికా వాళ్ళు చంద్రుణ్ణి పోగొట్టుకోబోయారు. మనుషులు చంద్రుడి మీద దిగకముందు, 1966, 67 సంవత్సరాల్లో నాసా వారు ఎక్కడ దిగాలో చూసుకోవడానికి లూనార్ ఆర్బిటర్ అనే పేరుతో అయిదు నౌకల్ని పంపించారు. అవి తీసిన బొమ్మల్ని పెద్ద పెద్ద టేపుల మీద ఎక్కించారు. పని అయిపోయింది, టేపులు గోడౌనుకి వెళ్ళాయి. తరవాత కొన్నాళ్ళకి ఆ టేపుల్ని పారేద్దామా వుంచుదామా అనే ప్రశ్న వచ్చింది. అప్పుడు నాన్సీ ఇవాన్స్ అనే ఆవిడ, అక్కడ పనిచేస్తున్నావిడ, పారెయ్యడానికి వీల్లేదని పట్టుబట్టింది. టేపులున్నాయి సరే, వాటిని తిప్పే యంత్రాలు? ఫ్రిజ్జంతేసి వుండే ఆంపెక్స్ కంపెనీ యంత్రాలు అవి. కొత్తవి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. పాతవి నాలుగు దొరికితే ఆవిడ వాటిని తన ఇంటిదగ్గరే ఏళ్ళతరబడి పెట్టుకుంది. ఆ ఇంట్లోవాళ్ళు ఏమనుకునేవారో! "ఈ పాత సామానెందుకు, అమ్మెయ్యరాదూ" అని అనేవుంటారు. 2007 తరవాత కొంతమంది వుత్సాహవంతులు ఆ యంత్రాల్నీ టేపుల్నీ తీసుకువెళ్ళి, కాలిఫోర్నియాలో మూతపడ్డ ఒక మెక్‌డొనాల్డ్స్ హోటలులో పెట్టుకుని బాగుచేశారు. 2008లో మొదటి బొమ్మ బయటికి వచ్చింది. చంద్రుడి అంచు మీదుగా కనిపిస్తున్న మన భూమి! 1966 ఆగస్టులో తీసిన బొమ్మ అది. అప్పట్లో పత్రికల్లో చూసినదానికన్నా ఎంతో స్పష్టంగా వచ్చింది. ఒక ఇల్లాలు పాత సామాను అమ్మనివ్వకపోవడం వల్ల దక్కిన బొమ్మ అనుకుంటే నాకు ఎంత బాగుంటుందో!

సరే, మా కథకొద్దాం. ఫైలు కంప్యూటరులోకి వచ్చింది. నొక్కితే తెరుచుకోదు. "దీన్ని దేనితో తెరవాలో నాకు తెలియదు" అంటుంది కంప్యూటరు. ఇది రెండో తాళం, సాఫ్టువేరు.

ప్రతి ఫైలు పేరుకీ చివర చుక్క పెట్టి రెండు మూడు అక్షరాలుంటాయి, చూసే వుంటారు. అది ఫైలు ఇంటిపేరు. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాటిది వెనకొస్తుంది, అంతే తేడా. ఆ ఇంటిపేరుని బట్టే ఏ సాఫ్టువేరుకి అప్పజెప్పాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఇంటిపేరు మార్చినంత మాత్రాన పుట్టుక మారదు. డాక్యుమెంటు పేరు మార్చి ఫోటో అని పెడితే అది ఫోటో అవదు, తెరుచుకోకుండా మొరాయిస్తుంది. మరి అసలు పుట్టుక తెలిసేదెలా? మన పెద్దవాళ్ళు వుత్తరం పైన "శ్రీరామ" అని చుట్టి మొదలుపెట్టేవారు చూడండి, ఫైళ్ళకీ అలాంటి తలకట్టు వుంటుంది. పీడీఎఫ్ ఫైలు లోపలికి తొంగిచూస్తే మొట్టమొదట శాతం గుర్తూ, ఆ పక్కన పీడీఎఫ్ అన్న మూడక్షరాలూ వుంటాయి. జిప్ ఫైలైతే పీ, కే అని మొదలవుతుంది. 1989లో ఆ జిప్ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ అనే ఆయన పొడి అక్షరాలవి. ఇవాళ మన పిల్లలు వర్డులో రాసే డాక్‌ఎక్స్ ఫైళ్ళు కూడా లోపల జిప్ మూటలే కనక, వాటి నెత్తిన కూడా ఆయన పేరే. ఆయన 2000లోనే పోయాడు, అక్షరాలు మాత్రం లోకమంతా తిరుగుతున్నాయి.

అలా తల చూసి, తోక చూసి, మాది పేజ్‌మేకరు ఫైలని తేల్చింది మా పిల్ల. 1985లో ఆల్డస్ అనే అమెరికా కంపెనీ దాన్ని తెచ్చింది. డీటీపీ అనే మాట పుట్టింది కూడా అక్కడే. 1994లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. 2001లో ఏడో నెంబరు పేజ్‌మేకరు వచ్చింది, అదే ఆఖరిది. మన తెలుగునాట పెళ్ళిపత్రికలూ, వారపత్రికలూ, నవలలూ ఎన్ని వచ్చాయో దాంట్లో! అంత ఏలిన సాఫ్టువేరు ఇవాళ కొత్త కంప్యూటరుకి పేరు కూడా తెలియదు.

యంత్రమూ సాఫ్టువేరూ రెండూ కలిసి ఒకేసారి పోతే ఏమవుతుందో ఇంగ్లండు వాళ్ళనడగాలి. 1085 క్రిస్మస్ పండక్కి, విలియం అనే రాజు తన రాజ్యంలో ఎవరికెంత భూమి వుంది, ఎన్ని పశువులున్నాయి, ఎంత పన్ను రావాలి, అన్నీ లెక్క రాయమన్నాడు. 1086లో తయారైన ఆ లెక్కల పుస్తకం పేరు డూమ్స్‌డే బుక్. తోలు మీద లాటినులో చేత్తో రాసింది. దానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండుతున్న సందర్భంలో, 1986లో, బీబీసీ వారు కొత్త డూమ్స్‌డే తలపెట్టారు. దేశాన్ని నాలుగు కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు గళ్ళుగా విడదీసి, ఏ గడిలో వున్న బడిపిల్లలు ఆ గడి గురించి రాయాలన్నారు. పది లక్షల మందికి పైగా పాలుపంచుకున్నారు. పిల్లలు తాము ఏం తింటున్నారో, ఏం ఆడుతున్నారో, వీధిలో ఏ దుకాణాలున్నాయో రాశారు. అంతా కలిపి పన్నెండంగుళాల లేజరు డిస్కుల మీద ఎక్కించారు. వాటిని చదవడానికి ఒక ప్రత్యేకమైన ప్లేయరు, దానికొక ప్రత్యేకమైన కంప్యూటరు. వేల పౌండ్ల ఖరీదు. కొన్న బళ్ళు తక్కువ.

పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ ప్లేయర్లూ లేవు, ఆ కంప్యూటర్లూ లేవు. 1086 నాటి తోలు పుస్తకాన్ని లాటిను వచ్చినవాడెవడైనా ఇవాళకీ చదువుకోవచ్చు. 1986 నాటి డిస్కుని మటుకు చదివే దిక్కు లేదు! 2002లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమూ, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమూ కలిసి, కొత్త కంప్యూటరు చేత పాత కంప్యూటరు వేషం వేయించే సాఫ్టువేరు తయారుచేశారు. ఆ వేషాన్ని చూసి పాత ఫైలు తన యజమానే వచ్చాడనుకుని తలుపు తీసింది. 2011లో ఆ పిల్లల రాతల్ని బీబీసీ వారు ఇంటర్నెట్టులో పెట్టారు. అప్పుడు రాసిన పిల్లలు నడివయసువాళ్ళయి తమ రాత తాము చదువుకుని వుంటారు.

మాకంత శ్రమ అవసరం లేకపోయింది. పాత పేజ్‌మేకరు ఫైళ్ళని కొన్నింటిని లిబ్రెఆఫీస్ అనే వుచిత సాఫ్టువేరు తెరవగలదు. మా ఫైలు ఆ "కొన్నింటి"లో వుంది, అదృష్టం. తెరుచుకుంది! చేతులు జోడించి చూద్దును కదా, తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఏలూ, ఓలూ. ఒక్క తెలుగు ముక్క లేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "పాడైపోయిందే" అన్నాను.

"పాడవలేదు పిన్నీ. ఇది మూడో తాళం, అంతే" అంది పిల్ల.

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ కథ. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అని 1963లో అమెరికా వాళ్ళు ఒక పట్టీ రాసుకున్నారు. ఆస్కీ అంటారు దాన్ని. మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలకీ, అంకెలకీ, గుర్తులకీ సరిపోయాయి. తెలుగుకి చోటేదీ? మనవాళ్ళు వూరుకుంటారా! ఆ పట్టీని 256 వరకూ సాగదీసి, ఇంగ్లీషు అక్షరాలు కూర్చున్న కుర్చీల్లోనే తలకట్టుల్నీ, గుడుల్నీ, కొమ్ముల్నీ, ఒత్తుల్నీ కూర్చోబెట్టి ఫాంట్లు తయారుచేశారు. ఫైలులో వున్నది ఇంగ్లీషు అంకే, దానిమీద తెలుగు బొమ్మ. ఎంత తెలివైన పని! కానీ ఒక కంపెనీ "క" కూర్చోబెట్టిన కుర్చీలో ఇంకో కంపెనీ ఇంకో ముక్కని కూర్చోబెట్టింది. ఏ ఫాంటుతో కొట్టారో ఆ ఫాంటు వుంటేనే తెలుగు, లేకపోతే పిచ్చిరాత.

ఈ గందరగోళం పోవడానికి మన దేశంలో 1991లో ఇస్కీ అని ఒక ప్రమాణం పెట్టారు. అదే యేడు లోకంలో వున్న భాషలన్నింటికీ కలిపి యూనికోడ్ అనే పట్టీ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకి సొంతంగా 128 స్థానాలిచ్చారు. "అ" 3077, "క" 3093. ఇక ఎవరి కుర్చీలోనూ దూరక్కర్లేదు, మన ఇల్లు మనకే. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా అది మామూలు ఇళ్ళ కంప్యూటర్లకి పెద్దగా చేరలేదు. ఆ తరవాత కూడా అచ్చు పని చేసేవాళ్ళు అలవాటైన పాత ఫాంట్లే చాలాకాలం వాడుకున్నారు. మా అమ్మ పాటలు 1997లో కొట్టినవి. అంటే తెలుగుకి సొంత ఇల్లు వచ్చాక కూడా అద్దె ఇంట్లోనే వుండిపోయాయన్నమాట.

ఏ ఫాంటో తెలిస్తే ఆ కుర్చీల పట్టీని యూనికోడ్ పట్టీకి మార్చే సాఫ్టువేర్లున్నాయి. ఒకటి పెట్టి చూస్తే కాలేదు, రెండోది పెడితే కాలేదు. మూడోదానికి తెర మీద గలగలమంటూ తెలుగు దిగింది! ఒత్తులు కొన్ని పక్క అక్షరానికి తగులుకున్నాయి, కొన్నిచోట్ల గుడి దీర్ఘాలు ఎగిరిపోయాయి. అయినా పోల్చుకున్నాను. అమ్మ చెబుతుంటే నేను రాసిన మాటలే. కింద వరసలో అప్పగింతల పాట. పల్లవి, మూడు చరణాలు.

పాడబోయాను. పల్లవి వచ్చింది. చరణం దగ్గర నోరు ఆగిపోయింది. వరస ఏదీ?

నాలుగో తాళం ఇది. దీన్ని మా పిల్ల కూడా తీయలేదు. వరస ఆ ఫ్లాపీలో లేదు, ఎప్పుడూ లేదు. నేను మాటలే ఎక్కించాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంతకన్నా పెద్ద నష్టం మన తెలుగుకి ఇదివరకే జరిగిందని. అన్నమయ్య పదిహేనో శతాబ్దపువాడు. ముప్ఫైరెండు వేల సంకీర్తనలు పాడాడని ప్రతీతి. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. రాగి కంటే గట్టి ఫ్లాపీ ఏముంటుంది! తిరుమల గుడిలోనే ఒక రాతి అరలో అవి శతాబ్దాలపాటు వుండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో బయటపడితే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పండితులు పరిష్కరించి అచ్చుకిచ్చారు. పన్నెండు వేల పైచిలుకు పాటలు దొరికాయి. లిపి చదవగలిగారు, మాటలు తెలిశాయి. ప్రతి పాట మీదా రాగం పేరు కూడా వుంది. కానీ అన్నమయ్య ఏ వరసలో పాడాడో ఆ వరస రాగిలోకి ఎక్కలేదు. ఇవాళ మనం వింటున్న వరసలు రాళ్ళపల్లివారూ, ఆ తరవాతి విద్వాంసులూ కూర్చినవి. మాట దాచితే వుంటుంది. వరస మాత్రం పాడే గొంతు లేకపోతే వుండదు.

మా మేనత్తకి ఎనభై ఆరేళ్ళు. అమ్మా, ఆవిడా వదినామరదళ్ళు, పెళ్ళిళ్ళలో జంటగా పాడేవారు. మర్నాడే కారు కట్టించుకుని వెళ్ళాం. "అత్తయ్యా, ఈ పాట గుర్తుందా?" అని ప్రింటు చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకోనేలేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. రెండో చరణంలో ఆగి, "ఇక్కడ తప్పు రాశావే, మీ అమ్మ ఇలా అనేది కాదు" అని దిద్దింది కూడా. తప్పు నాదో, డీటీపీ షాపుదో, మార్చిన సాఫ్టువేరుదో గానీ, దిద్దింది మటుకు మనిషి. మా పిల్ల ఫోనులో అంతా రికార్డు చేసింది.

ఫోనులో వుంది కదా అని ఈసారి నేను ధీమా పడలేదు. పాటలన్నీ యూనికోడులో ఒకటి, పీడీఎఫులో ఒకటి చేయించి, మూడిళ్ళలో మూడు చోట్ల పెట్టించాను. కాగితం మీద ప్రింటు తీయించాను. ఇంత చాకిరీ ఎందుకని మావారు నవ్వారు. కడపలో వుండగా బ్రౌను దొరగారు చేసిందీ ఇదే మరి! దొరికిన తాళపత్రాలు దొరికినట్టు పోగుచేసి, పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి, కాగితాల మీదికి నకళ్ళు రాయించాడు. ఆకు ఎల్లకాలం వుండదని ఆయనకి తెలుసు. చదవగలిగినవాళ్ళు వుండగానే కొత్తదానిమీదికి ఎక్కించాలి.

ఆ మాటకొస్తే ఇది ఆడవాళ్ళకి కొత్త విద్య కాదు. పట్టుచీర బీరువాలో పెట్టి మరిచిపోతే మడతల దగ్గర చిట్లుతుంది. యేడాదికోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెడతాం. పాతికేళ్ళు చీరలకి మడతలు మార్చాను గానీ, వాటి మధ్యనున్న ఫ్లాపీకి మార్చాలని తోచలేదు. ఇక మీదట దసరాల్లో సరస్వతీ పూజనాడు పుస్తకాలతోపాటు ఆ ఫైళ్ళనీ ఒకసారి తెరిచి చూద్దామని నియమం పెట్టుకున్నాను. తెరుచుకోకపోతే ఆ యేడే తెలుస్తుంది, పాతికేళ్ళకి కాదు.

పెళ్ళిలో అప్పగింతలప్పుడు మేనత్త కుర్చీలో కూర్చుని పాట ఎత్తుకుంది. పెళ్ళికూతురి చెల్లెలు అందుకుంది. నేనూ, అక్కా పల్లవికి గొంతు కలిపాం. పాట పూర్తయ్యేసరికి అక్క పైటచెంగు తడిసి ముద్దయింది.

పెళ్ళివారి తరఫు ఆవిడ ఒకావిడ నా దగ్గరికొచ్చి, "చాలా బాగుందండీ పాట. నా ఫోనుకి పంపించరూ?" అంది.

"తప్పకుండా పంపిస్తానండీ. కానీ ముందిలా కూర్చోండి. రెండుసార్లు నాతో కలిసి పాడి వెళ్ళండి" అన్నాను.